నామాల పురుగు

పోయిన నెల ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అడాజన్‌లో సొసైటీలన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి రెండు గేట్లు తప్పి, చెమటలు కక్కుతూ వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుందట. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ఒక ఆహ్వానపత్రం తీసి నా చేతిలో పెట్టింది. ప్రొఫెసర్ భాస్కరం గారికి సన్మానం. ఆ పేరు చూడగానే పాత మంట లేచి కూర్చుంది. "ఆంటీ, సర్ మీద సంచిక వేస్తున్నాం. మీరు సర్‌కి పహలీ స్టూడెంట్ కదా. మీ జవానీ రోజుల యాదేఁ, అదే, జ్ఞాపకాలు, రెండు పేజీలు రాసిస్తే బస్," అంది. ఏం రాయాలమ్మా అని అడిగాను. "అచ్ఛా అచ్ఛా రాయండి ఆంటీ. సర్ మీకు ఎలా నేర్పించారో, మీకు ఎలా నామ్ ఇచ్చారో, అట్లాంటివి." నామ్ ఇచ్చారట! ఇవ్వలేదు తల్లీ, పెట్టాడు. నుదుటి మీద మూడు గీతలూ స్పష్టంగా కనిపించేలా పెట్టాడు. ఆ మాట పైకి అనలేదు. చాయ్‌లో అల్లం దంచి వేసి ఇచ్చి, తప్పకుండా రాస్తానని పంపించాను. ఇదిగో, రాస్తున్నాను. రెండు పేజీల్లో అయ్యేది మాత్రం కాదు, ఆ సంచికకు ఇచ్చేదీ కాదు.

నా చిన్నతనంలో మేము ఈ ఊళ్లోనే లింబాయత్ బస్తీలో ఒకే గదిలో ఉండేవాళ్లం. నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మగ్గాల పనికి వచ్చినవాడు. ఊరి శివారు సచిన్‌లో ఒక ఫ్యాక్టరీలో పవర్‌లూమ్‌లు నడిపేవాడు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయి, ఇంట్లో ఉప్పు అందించమన్నా వీధి వీధంతా వినిపించేలా అడిగేవాడు. అమ్మ గడప దగ్గర కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. గది నిండా కొత్త పాలియెస్టర్ వాసన, దాని కింద కిరసనాయిలు వాసన, పొద్దున పూట జొన్నరొట్టె కాలే వాసన, వానాకాలంలో వీటన్నిటినీ మింగేసే ఖాడీ కంపు. ఖాడీ అంటే ఊరి మురుగంతా మోసుకుపోయే వాగు. రంగుల మిల్లు ఏ రంగు వదిలితే ఆ రోజు ఆ రంగులో పారేది. దాని గట్టు మీద ఎవరూ నాటని ఆముదం చెట్లు నాకంటే ఎత్తు పెరిగేవి. ఆకుల మీద ఒంటినిండా చారలతో, నడుము పైకెత్తి వంగి వంగి నడిచే పురుగులు ఉండేవి. పుస్తకాల్లో వాటిని దాసరి పురుగులని రాస్తారు. అమ్మ మాత్రం నామాల పురుగులు అనేది. "పెయ్యంత నామాలే సూడు. ఇది తిన్న ఆకుకు గుడ నామమే," అని నవ్వేది.

అమ్మ నవ్వు గురించి రాసి పగ గురించి రాయకపోతే ఆమె పైనుంచి నా మీదే పగబడుతుంది. మా అమ్మకు కోపం వచ్చేది కాదు, పగ వచ్చేది. రెండిటికీ చాలా తేడా ఉంది. నాన్న కోపం పాలు పొంగినట్టు పొంగి, మంట తగ్గించగానే దిగిపోయేది. అమ్మ లోపల మాత్రం ఎవరో ఒక చుక్క మజ్జిగ వేసినట్టు నిశ్శబ్దంగా తోడుకునేది. ఒకసారి పంపు దగ్గర పక్కింటి కాశిబెన్ అమ్మ బిందెను కాలితో వెనక్కి నెట్టింది. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు, నీళ్లు పట్టుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఆ చాలీ వరస ఇళ్లలో ఉన్నన్నాళ్లూ కాశిబెన్ అన్న పేరు అమ్మ నోట్లోంచి రాలేదు. కాశిబెన్ కూతురి పెళ్లికి పిలుపొస్తే, "ఎవలింట్ల పెండ్లి?" అని అడిగింది, గోడ అవతల డోలు మోగుతుంటే. కాశిబెన్ ఆ గోడ అవతల కూర్చుని ఏడ్చిందని తర్వాత తెలిసింది. వయసు మీద పడ్డాక నాన్న చెవులే నాకూ వచ్చాయి, అమ్మ పగ మాత్రం పుట్టుకతోనే వచ్చింది. చెవులకు మిషన్ పెట్టుకున్నాను. పగకు ఏ మిషనూ అవసరం పడలేదు.

బళ్లో చదివే రోజుల్లోనే ఒక నామాల పురుగును గాజు సీసాలో పెట్టి ఆముదపాకు మేపాను. రోజూ గబగబా తినే పురుగు ఒకరోజు తినడం మానేసింది. తెల్లారి చూస్తే దాని తోక దగ్గర గోధుమరంగు గూడొకటి, చిన్న జొన్నగింజంత, అంటుకుని ఉంది. పురుగు చావలేదు. వెనక కాళ్లతో ఆ గూటిని పట్టుకుని కాపలా కాస్తున్నట్టు ఉంది. కొన్నాళ్లకు ఆ గూడు కొస మూతలా తెరుచుకుని, ఒక చిన్న కందిరీగ బయటికొచ్చి మీసాలు తుడుచుకుంది. నేను అమ్మ దగ్గరికి పరుగెత్తాను. అమ్మకు ఆశ్చర్యమే లేదు. "కందిరీగ పురుగును ఎత్కొచ్చి గూట్ల వెట్టి, సుట్టూత తిరుక్కుంట రొద జేస్తది బిడ్డా. పురుగు భయానికి దాన్నే తలుసుకుంట తలుసుకుంట అదే కందిరీగైతది," అంది. మన పెద్దవాళ్లందరూ చెప్పిన కథే ఇది. వాళ్లు చూసింది నిజమే. లోపలికి పురుగు వెళ్లింది, బయటికి కందిరీగ వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ గూడు విప్పి చూడలేదు.

మధ్యలో జరిగేది భక్తి కాదు, భోజనం. ఈ చిన్న కందిరీగలను బ్రకోనిడ్లంటారు. ఆడది పిల్ల పురుగును వెతికి పట్టుకుని, సూదిలాంటి అవయవంతో ఒంట్లోకి గుడ్డు దింపుతుంది. గుడ్డుతో పాటు పురుగు ఒంటి ప్రతిఘటనను పడుకోబెట్టే సరుకు కూడా ఎక్కిస్తుంది. పురుగుకు ఏమీ తెలియదు. తింటుంది, నడుస్తుంది, పెరుగుతుంది. లోపల పుట్టిన పిల్ల దాని రక్తమూ కొవ్వూ తాగుతూ, ప్రాణం పోయే భాగాలను ముట్టకుండా జాగ్రత్తగా పెరుగుతుంది. పెరిగాక చర్మం చీల్చుకుని బయటపడి గూడు అల్లుకుంటుంది. రైతుకు ఇది చేసే మేలు ఏ మందూ చేయలేదు. అయితే కథ ఇక్కడితో అయిపోదు. ఇంకో కందిరీగ ఉంది, ఇక్న్యుమనిడ్ల కుటుంబానిది. అది నామాల పురుగును పొడుస్తుంది కానీ దానికి పురుగుతో పనిలేదు. పురుగు లోపల దాక్కున్న బ్రకోనిడ్ పిల్లను వెతికి, ఆ పిల్ల ఒంట్లో తన గుడ్డు పెడుతుంది. బ్రకోనిడ్ గూడు కట్టుకున్నాక లోపల దాన్ని తినేసి, ఆ గూట్లోంచి ఇది బయటికొస్తుంది. తిన్నవాణ్ని తినేది. నా బతుకులో దీనంత నచ్చిన జీవి ఇంకోటి లేదు.

ఎమ్మెస్సీ అయ్యాక భాస్కరం గారి దగ్గర పరిశోధనకు చేరాను. ఆయన కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. సూరత్‌లో తెలుగు ప్రొఫెసర్ ఉన్నాడని నాన్న పొంగిపోయి మిల్లులో పేడా పంచాడు. అమ్మ ఆయన కోసం సర్వపిండి చేసి పంపింది. ఆయన ఒక ముక్క తుంచి వాసన చూసి, "బావుందమ్మాయ్, కాస్త మొరటుగా ఉంది," అని ప్యూనుకిచ్చాడు. నేను నోరు తెరిస్తే దిద్దేవాడు. "గిట్ల ఏవిటమ్మాయ్? ఇలా అనాలి. గాడ కాదు, అక్కడ. శాస్త్రం చదివేవాళ్ల భాష శుభ్రంగా ఉండాలి." క్లాసులో మా అమ్మ చెప్పిన కందిరీగ కథే చెప్పి, పల్లెటూరివాళ్ల అజ్ఞానమని నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆయన భాషలో మాట్లాడుతూ, ఆయన నవ్వినప్పుడు నవ్వుతూ, నిజంగానే ఆయన్ని తలుచుకుని తలుచుకుని ఆయనలా అయిపోదామనుకున్నాను. నా మొహం!

ఊరవతల కిమ్ వైపు చెరకు గట్ల మీది ఆముదాల నుంచి, మా ఖాడీ గట్టు నుంచి ఒక వానాకాలమంతా పురుగులు ఏరుకొచ్చి పెంచాను. ల్యాబులో చోటు చాలక మా గదిలో మంచం కింద కూడా సీసాలు పెట్టాను. "మనుషులకే జాగ లేదు, పురుగులకు బాడుగ లేకుంట ఇల్లిచ్చినవ్," అని అమ్మ సణిగేది, కానీ నేను ఊరెళితే ఆకులు తనే మార్చేది. గూళ్లలోంచి రెండు రకాల కందిరీగలు వచ్చాయి. ఒకటి చిన్నది, గోధుమరంగు, చూడ్డానికి ఏ ఆకర్షణా లేనిది. రెండోది పొడుగ్గా, నాజూగ్గా, పసుపు కాళ్లతో ఉంది. దాని రెక్క మధ్యలో నరాలన్నీ కలిసి వజ్రం ఆకారంలో ఒక గడి కట్టాయి. వజ్రాలు సానబట్టే ఊళ్లో వజ్రం మోసే కందిరీగ దొరికిందని నేను ఎంత మురిశానో! కానీ ఖాళీ గూళ్లు చూశాక నా మురిపెం ఆగింది. చిన్నవి వచ్చిన గూళ్లకు కొసన గుండ్రంగా, కత్తెరతో కత్తిరించినట్టు మూత ఊడింది. అందమైనవి వచ్చిన గూళ్లకు పక్కన ఎలుక కొరికినట్టు గరుకు బొక్క ఉంది. తన ఇంటి తలుపు తీసుకుని వచ్చేవాడికీ, కన్నం వేసుకుని వచ్చేవాడికీ తేడా ఉండదా?

అదే ఆయనకు చూపించాను. "సార్, ఈ పొడుగుది పురుగును చంపేది కాదు. చంపేదాన్ని చంపేది. ఈ బొక్క చూడండి," అన్నాను. ఆయన గూటి వైపు చూడనే లేదు. సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండా, "ఎంత చక్కని జీవి! ఇది కొత్త జాతి, అమ్మాయ్. ఆముదం రైతుకి మిత్రుడు," అన్నాడు. నేను మళ్లీ చెప్పబోతే, "ఆ చిన్న గోధుమరంగువి మామూలువి, ఎక్కడైనా దొరుకుతాయి. అవి నువ్వే ఉంచుకో. ఇవి నా బల్ల మీద పెట్టి, ట్యూబులు కడిగిరా," అన్నాడు. ఇంట్లోంచి బయటికొచ్చినవాడే ఇంటి యజమాని అనుకున్నాడు. పల్లెటూరివాళ్ల కథని నవ్వినాయన సరిగ్గా అదే పొరపాటు, కోటు వేసుకుని చేశాడు.

కొన్ని నెలలకు వ్యాసం అచ్చయింది. కందిరీగకు సూరతెన్సిస్ అని పేరు. మా శాస్త్రంలో ఒక జీవికి పేరు పెట్టినవాళ్ల పేరు ఆ పేరు పక్కనే శాశ్వతంగా నిలుస్తుంది. సూరతెన్సిస్ భాస్కరం. ఒక్కడి పేరే. పురుగులు ఏరింది, మేపింది, రెక్కలు గీసింది నేను. నేను గీసిన బొమ్మలు అందులో ఉన్నాయి, నేను లేను. చివర్న కృతజ్ఞతల్లో, ఒక రాజకీయ నాయకుడికీ ఒక బ్యాంకు మేనేజరుకీ తర్వాత, "ల్యాబులో సాయపడిన అమ్మాయికి" అని ఉంది. ఆ పేజీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. ఆయన దిద్దిన భాష మరిచిపోయాను. "గిదేంది సార్? నా పేరేది?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పేరు ముఖ్యం కాదమ్మాయ్, శాస్త్రం ముఖ్యం," అన్నాడు. పేరు ముఖ్యం కానివాడు తన పేరు ఎందుకు పెట్టుకున్నాడో! అది కూడా అడిగాను. వారం తిరక్కుండా నా పరిశోధన సీటు పోయింది. నా పరిశీలనలో నిలకడ లేదట, గూళ్ల బొక్కలు చూసి ఊహాగానాలు చేస్తున్నానట. ఆయన మాత్రం ఆ మిత్రుణ్ని పెంచి ఆముదం మళ్లలో వదిలించాడు. వదిలిన చోటల్లా చిన్న గోధుమరంగువి తగ్గాయి, నామాల పురుగులు ఆకులను ఈనెలు మిగిల్చి తిన్నాయి, రైతులు మందు డబ్బాలు మోశారు. ఆయనకు మాత్రం శాలువాలు కప్పారు.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. నాన్న, "పోనీ బిడ్డా, పెద్దోళ్లతోని మనకెందుకు," అని వీధంతా వినబడేలా ఓదార్చాడు. అమ్మ ఆ రోజు పనికి వచ్చిన చీరలు పక్కకు జరిపి, నా జుట్టు విప్పి నూనె రాసింది. తర్వాత చెవి దగ్గర వంగి, "మంచిగ నామం వెట్టిండు గదా! ఏడ్వకు. ఏడిస్తె దిగిపోతది. పగ వట్టు," అంది. ఇంకే అమ్మయినా మరిచిపోమని చెప్పేది. మా అమ్మ జుట్టు దువ్వి, చిక్కులు తీసి, గట్టిగా జడ అల్లి, ఆ జడతో పాటే నాలో పగను కూడా బిగించింది. మర్నాడు లేచి, ఆయన పనికిరావని నాకు వదిలేసిన చిన్న గోధుమరంగు కందిరీగలను సూదులకు గుచ్చి, ఒక్కోదాని కింద అది తెరిచిన మూతతో సహా గూటిని అతికించి, బిస్కట్ డబ్బాలో నాఫ్తలీన్ ఉండలతో భద్రం చేశాను.

తర్వాత బళ్లో జీవశాస్త్రం చెప్పాను, పెళ్లి చేసుకున్నాను, వంట చేశాను, అమ్మానాన్నలను సాగనంపాను. బిస్కట్ డబ్బా నాతోనే లింబాయత్ నుంచి తాపీ నది దాటి అడాజన్ వచ్చింది. ఈ ఊళ్లో వంతెనలు లేచాయి, బీఆర్టీఎస్ బస్సులు వచ్చాయి. ఇప్పుడు ఆ ఖాడీ పక్కన సిమెంటు గోడ ఉంది, ఆముదం చెట్టు ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఏ కందిరీగను చూసి పేరు పెట్టారో ఆ మూల నమూనా చూడాలంటే ఎవరి కాళ్లో పట్టుకోవాల్సి వచ్చేది; ఇప్పుడు భద్రపరిచిన సంస్థకు ఒక మెయిల్ రాస్తే, కందిరీగ మీసం మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఫోటోలు పంపుతారు. రిటైరయ్యాక ఒక సూక్ష్మదర్శిని కొనుక్కుని, వంటింటి పక్క బాల్కనీలో పెట్టుకుని, ఆ రెండు కుటుంబాల ఆముదం కందిరీగలన్నిటి వర్గీకరణనూ మొదటి నుంచీ తిరగరాయడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇవన్నీ ఎందుకని మా ఆయన అమాయకంగా అడిగాడు. ఈ వయసులో కాకపోతే ఏ వయసులో? శత్రువు ఇంకా బతికే ఉన్నాడు, కళ్లు కనిపిస్తున్నాయి, చదవగలడు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా?

భాస్కరం గారి సూరతెన్సిస్ ఫోటోలు తెరిచిన రోజు నాకు పండగే. రెక్కలో వజ్రం, పసుపు కాళ్లు, అన్నీ ఉన్నాయి. అది కొత్త జాతి కానే కాదు. ఆయన పుట్టకముందే ఎవరో ఎక్కడో పట్టి పేరు పెట్టిన కందిరీగే. ఒకే జీవికి రెండు పేర్లుంటే మొదటిదే చెల్లుతుంది. రెండోది దాని కింద, చిన్న అక్షరాల్లో, చెల్లని పేరుగా పడి ఉంటుంది. ఇక నా డబ్బాలోని చిన్న గోధుమరంగువి, మామూలువి, ఎక్కడైనా దొరికేవి! వాటిని ప్రపంచంలో తెలిసిన బంధువులన్నిటితో పోల్చి చూశాను. వేటితోనూ కలవలేదు. కొత్త జాతి అదే. దొంగతనానికి వచ్చినవాడు ఇత్తడి చెంబు ఎత్తుకుపోయి బంగారం నా చేతిలో పెట్టి వెళ్లాడు. బాల్కనీలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వితే పక్క ఫ్లాటు వాళ్లు తొంగిచూశారు. ఆ జాతికి నేను పేరు పెట్టాను. పగ. రెండక్షరాలు. పక్కన నా పేరు, మా ఇంటిపేరుతో సహా. కృతజ్ఞతల్లో ప్రొఫెసర్ భాస్కరం గారి పేరు బిరుదులతో సహా రాశాను, ఈ నమూనాలను నాకు వదిలిపెట్టినందుకు.

వ్యాసం అచ్చయి వచ్చింది సరిగ్గా ఆ అమ్మాయి వచ్చి వెళ్లిన వారంలోనే. దాన్ని తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. కూతురి దగ్గర ఉంటున్నాడు, నాలుగో అంతస్తులో. బాగా ఎండిపోయాడు, కానీ కళ్లు చురుగ్గానే ఉన్నాయి. నాకు కావలసింది అదే.

"ఎవరూ, భాగ్యమ్మా? ఇంకా ఆ పురుగుల్నే పట్టుకుని ఉన్నావా అమ్మాయ్?" అన్నాడు.

"ఉన్న సార్. మీ పురుగునే వట్టుకున్న," అన్నాను. ఆ రోజు కావాలనే మా అమ్మ భాష కట్టుకుని వెళ్లాను.

"సన్మానానికి వస్తావుగా? నా గురించి రాస్తున్నావని చెప్పారు."

"రాసిన సార్. ముందుగాల మీకే సూపియ్యాలని తెచ్చిన."

కూతురు చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన భూతద్దం తీసుకుని, పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో వరుసా చదివాడు. నేను చాయ్‌లో ఖారీ బిస్కట్ ముంచుకుని తింటూ ఆ వేలినే చూశాను. ఒక చోట వేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. ఏ వరుసో నాకు చూడకుండానే తెలుసు.

"నా పేరు తీసేశావా?" అన్నాడు.

"లే సార్. తీసేసుడు మన శాస్త్రంల కుదరదు గదా. గాడ కింద ఉన్నది సూడుండ్రి, సన్నక్షరాలల్ల. ఎప్పటికి గాడనే ఉంటది."

ఆయన నా మాట దిద్దలేదు. పేజీ తిప్పాడు. గరుకు బొక్క బొమ్మ, గుండ్రటి మూత బొమ్మ పక్కపక్కన చూశాడు. "పగ... ఇదేం పేరమ్మాయ్?" అన్నాడు.

"మా అమ్మ మాట సార్," అన్నాను.

నా కసి తీరింది. కడుపు నిండిన దానిలా లేచాను. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. గొంతులో ఆ మెత్తదనం పోయింది. "భాగ్యమ్మా, ఒక్క మాట. ఆ చిన్నవి నీకిచ్చిన రోజున, అవే కొత్తవని నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆ రోజు నాకు తెలిసింది గూటి బొక్కల తేడా ఒక్కటే. అవి కొత్తవని తెలిసింది మొన్న, ఈ బాల్కనీలో. ఆ మాట చెబితే ఆయన, ఇద్దరమూ ఒకే చీకట్లో ఉన్నామని సర్దుకుని హాయిగా పడుకునేవాడు.

"తెలుసు సార్," అన్నాను. "మీరు అడుగుతరేమో అని సూసిన. అడగలే."

ఆయన చేతిలో భూతద్దం ఒళ్లోకి జారింది. కందిరీగ గుడ్డు దిగింది. నేను చెప్పులు వేసుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను.